పటమా, కమ్మీ చిత్రమా? : జిల్లాల గణాంకాల దృశ్యీకరణపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

గణాంకాల పట్టికలో మొదటి నిలువు వరుసలో జిల్లాల పేర్లు ఉంటే చాలు, దానిని పటంగా చూపాలన్న ఆలోచన పరిశోధకునికి వెంటనే కలుగుతుంది. సామాజికశాస్త్ర సిద్ధాంతవ్యాసాలలోనూ, ప్రభుత్వ నివేదికలలోనూ, దినపత్రికల ప్రత్యేక కథనాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. అక్షరాస్యత, తలసరి ఆదాయం, పోలింగ్ శాతం, ఒక భాష మాట్లాడేవారి సంఖ్య – విషయం ఏదైనా కానీ, చూపేది జిల్లాల ఆకారాలను, వాటిలో నింపిన లేత, ముదురు రంగులను. కంప్యూటరు మీద ఇటువంటి పటాన్ని తయారుచేయడం నేడు నిమిషాల పని. సులభమైనంత మాత్రాన అది తగినదేనా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

స్థలనామం ఉన్న ప్రతి దత్తాంశమూ పటానికి తగిన దత్తాంశం కాదు. ఏ జిల్లా పక్కన ఏ జిల్లా ఉంది, ఏది ఎంత దూరంలో ఉంది, ఏ నది ఒడ్డున ఉంది అన్న విషయాలకు అడిగిన ప్రశ్నలో పాత్ర ఉన్నప్పుడే పటానికి పని ఉంటుంది. ఏది ఎక్కువ, ఏది తక్కువ, తేడా ఎంత అన్నవే ప్రశ్నలైతే కమ్మీ చిత్రమో బిందు చిత్రమో ఆ పనిని మెరుగ్గా చేస్తుంది. ఈ విచక్షణ లోపించడం వల్ల కలిగే నష్టం కేవలం చూపుకు సంబంధించినది కాదు. ‘వెనుకబడిన ప్రాంతం’ అన్న మాట చుట్టూ దశాబ్దాలుగా వాదాలు నడిచిన తెలుగు నేలపై, మనుషులను గురించిన సంఖ్యను నేలకు పూసే పటం ఆ వాదంలో తానూ ఒక పక్షం వహిస్తుంది. 2011 జనగణన తుది లెక్కలను ప్రధాన ఆధారంగా తీసుకొని ఈ ఎంపికలోని సాధకబాధకాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలను ఒకే రాష్ట్రంగా లెక్కించిన చివరి జనగణన అదే.

పటం లేని అట్లాసు, నల్లబడిన ఫ్రాన్సు

విలియం ప్లేఫెయిర్ 1786లో లండన్‌లో ప్రచురించిన గ్రంథం పేరు ‘కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’. పేరులో అట్లాసు ఉన్నా అందులో దేశపటం ఒక్కటీ లేదు. దాదాపు అన్ని చిత్రాలూ ఎగుమతులు, దిగుమతులు ఏళ్ల తరబడి ఎలా మారాయో చూపే వంపు గీతలే. ఒక్కటి మాత్రం వేరు. 1780 క్రిస్మస్ నుంచి 1781 క్రిస్మస్ వరకు ఒక్క సంవత్సరంలో స్కాట్లండు 17 ప్రదేశాలతో జరిపిన వాణిజ్యాన్ని అది చూపుతుంది. స్కాట్లండుకు ఏటేటి లెక్కలు ప్లేఫెయిర్‌కు దొరకలేదు. కాలగమనాన్ని చూపే వీలు లేక ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క జత కమ్మీలు గీశాడు. తన ఇతర చిత్రాలతో పోలిస్తే దీనిని అతడు తక్కువగానే ఎంచాడు. నేడు మాత్రం తొలి కమ్మీ చిత్రంగా చరిత్రకారులు పేర్కొనేది దానినే. గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ తొలి కమ్మీ చిత్రంలో ఉన్నది భౌగోళిక దత్తాంశమే. ఎడమవైపో కుడివైపో దేశాల పేర్లు, వాటికి ఎదురుగా పొడవులు. ఐర్లండుతో వాణిజ్యం ఎక్కువా, రష్యాతోనా అని చూసే వర్తకునికి ఆ రెండు దేశాలు భూగోళం మీద ఎక్కడున్నాయో తిరిగి చెప్పవలసిన అవసరం ప్లేఫెయిర్‌కు కనిపించలేదు.

నలభై ఏళ్ల తర్వాత, 1826లో, ఫ్రెంచి గణితవేత్త చార్లెస్ డ్యుపెన్ మరో దారి తొక్కాడు. ఫ్రాన్సులోని పాలనా విభాగాలను, అక్కడి బాలుర చదువు స్థాయిని బట్టి తెలుపు నుంచి నలుపు వరకు వేర్వేరు ఛాయలతో నింపాడు. చదువు తక్కువైన కొద్దీ నలుపు ఎక్కువ. పాలనా విభాగాలను విలువను బట్టి ఛాయలతో నింపే ఈ పద్ధతికి తర్వాతి కాలంలో కోరోప్లెత్ పటం అన్న పేరు స్థిరపడింది. డ్యుపెన్ పటంలో ఉత్తర ఫ్రాన్సు తెల్లగా, దక్షిణం నల్లగా కనిపించింది. సాంమాలో నుంచి జెనీవా వరకు ఊహించిన ఒక గీత దేశాన్ని వెలుగు ప్రాంతం, చీకటి ప్రాంతం అని రెండుగా చీల్చింది; ఆ గీత ఫ్రెంచి సామాజిక చర్చలలో చాలాకాలం నిలిచిపోయింది. బడికి వెళ్లే పిల్లల సంఖ్య మారింది, తరాలు మారాయి, గీత మాత్రం త్వరగా చెరగలేదు. పట్టికలోని సంఖ్య మరుసటి ఏడు మారితే దానితోపాటే పాఠకుని అభిప్రాయమూ మారవచ్చు. పటంలో నల్లబడిన నేల మనసులో నిలిచిపోతుంది. కోరోప్లెత్ పటానికున్న బలమూ, ప్రమాదమూ పుట్టుకతోనే వచ్చాయని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

నేల ఎంత, మనుషులు ఎందరు

2011 జనగణన ప్రకారం అనంతపురం జిల్లా జనాభా 40.81 లక్షలు. మహబూబ్‌నగర్ జనాభా 40.53 లక్షలు. హైదరాబాదు జిల్లా జనాభా 39.43 లక్షలు. మూడూ ఇంచుమించు సమానం. వైశాల్యాల సంగతి వేరు: అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ 18,432, హైదరాబాదు 217. అంటే దాదాపు సమానమైన జనసమూహాలకు ప్రాతినిధ్యం వహించే రెండు ఆకారాలలో ఒకటి మరొకదానికంటే 88 రెట్లు పెద్దది. రాష్ట్ర పటాన్ని పుస్తకంలో అరపేజీకి కుదిస్తే అనంతపురం అరచేతిలో చింతపిక్కంత ఉంటే, హైదరాబాదు ఆవగింజంత మిగులుతుంది. సెల్‌ఫోను తెరమీద అది కూడా ఉండదు.

ఇప్పుడు అక్షరాస్యత పటాన్ని ఊహించవచ్చు. హైదరాబాదు 83.25 శాతంతో 23 జిల్లాలలో మొదటిది, మహబూబ్‌నగర్ 55.04 శాతంతో చివరిది. అత్యధిక విలువకు అతిచిన్న చుక్క, అత్యల్ప విలువకు అతిపెద్ద ఆకారాలలో ఒకటి దక్కాయి. పటాన్ని చూసిన కన్ను రంగులను సరాసరి చేసుకుంటుంది. ఆ సరాసరిలో హైదరాబాదులోని 39 లక్షలమంది దాదాపు లేనట్టే. పటం ఇక్కడ అబద్ధం చెప్పలేదు. ప్రతి జిల్లాకూ సరైన రంగే వేసింది. కానీ అక్షరాస్యత మనుషులకు ఉండే గుణం. నేలకు అక్షరాలు రావు. మనుషుల లెక్కను చదరపు కిలోమీటర్లతో తూకం వేసి చూపడమే ఇందులోని దోషం.

ఈ దోషం దేశపటంలో మరింత ప్రస్ఫుటమవుతుంది. అరుణాచల్ ప్రదేశ్ 83,743 చదరపు కిలోమీటర్లలో 2011 నాటికి 13.84 లక్షలమంది ఉన్నారు. ఢిల్లీలో 1,483 చదరపు కిలోమీటర్లలోనే 1.68 కోట్లమంది. ఎన్నికల ఫలితాల పటాలలో ఇదే తేడా రాజకీయార్థాన్ని సంతరించుకుంటుంది. లడఖ్ వైశాల్యంలో దేశంలోనే అతిపెద్ద లోక్‌సభ నియోజకవర్గం. ఓటర్లు రెండు లక్షలలోపు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతిపెద్దదైన మల్కాజిగిరిలో 30 లక్షలకు పైగా ఓటర్లున్నారు. దేశపటంలో దానిని వెతికి పట్టుకోవాలంటే భూతద్దం కావాలి. సభలో మాత్రం రెండింటికీ ఒక్కొక్క స్థానమే. గెలిచిన పార్టీ రంగుతో నింపిన పటం చూసి ‘దేశమంతా ఒకే రంగు’ అని వ్యాఖ్యానించేవారు లెక్కిస్తున్నది ఓట్లనూ కాదు, సీట్లనూ కాదు, కొండలనూ ఎడారులనూ. ప్రతి నియోజకవర్గాన్నీ ఒకే పరిమాణం గల షడ్భుజిగా మార్చి, ఇంచుమించు వాటి వాటి చోట్లలో అమర్చే కార్టోగ్రామ్ పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతుంది. దానికీ మూల్యం ఉంది. పాఠకునికి పరిచయమైన ఆకారం పోతుంది. సరిహద్దు పంచుకునే నియోజకవర్గాలు కొన్ని విడిపోతాయి, పంచుకోనివి కొన్ని పక్కపక్కన చేరతాయి. సీట్ల లెక్క మాత్రమే చెప్పదలచినప్పుడు ఆ అవస్థ పడడం కంటే రెండు మూడు కమ్మీలు గీయడం మేలు.

శాతాలకు బదులు మొత్తం సంఖ్యలను, అంటే జనాభానో, రోగుల సంఖ్యనో, రైతుల సంఖ్యనో ఛాయలతో నింపడం ఇంతకంటే పెద్ద పొరపాటు. పెద్ద జిల్లాలో ఏదైనా ఎక్కువే ఉంటుంది. అటువంటి పటం చివరికి చెప్పేది జిల్లా పెద్దదని మాత్రమే. ఈ విషయంలో భూగోళశాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయం లేదు కనుక విస్తరించనవసరం లేదు. సంఖ్యలను పటం మీద చూపవలసి వస్తే వృత్తాలు వాడాలి.

అరవై శాతం గీత

వైశాల్యం సృష్టించే భ్రాంతి అందరికీ తెలిసినదే. రంగుల తరగతులు సృష్టించే భ్రాంతి అంత తేలికగా పట్టుబడదు. కోరోప్లెత్ పటంలో సాధారణంగా విలువలను నాలుగైదు తరగతులుగా విడగొట్టి ఒక్కో తరగతికి ఒక్కో ఛాయ ఇస్తారు. ఆ తరగతుల హద్దులను నిర్ణయించేది పటకర్త. 2011 అక్షరాస్యతకు 60 శాతం దగ్గర ఒక హద్దు గీస్తే ఏమవుతుందో చూడవచ్చు. మహబూబ్‌నగర్ 55.04, విజయనగరం 58.89, కర్నూలు 59.97 – ఈ మూడూ కింది తరగతిలో పడతాయి. ఆదిలాబాదు 61.01, నిజామాబాదు 61.25, మెదక్ 61.42, శ్రీకాకుళం 61.74 – ఈ నాలుగూ పై తరగతిలోకి వెళతాయి. కర్నూలుకు, ఆదిలాబాదుకు మధ్య ఉన్న తేడా ఒక శాతం చిల్లర; పటంలో అవి రెండు వేర్వేరు రంగులు. కర్నూలుకు, మహబూబ్‌నగర్‌కు మధ్య తేడా దాదాపు అయిదు శాతం. పటంలో అవి ఒకే రంగు. కర్నూలు విలువ మరో 0.03 పెరిగి ఉంటే రంగు మారిపోయేది. హద్దును 62కు జరిపితే ఏడు జిల్లాలూ ఒకే ముదురు గుంపు. 58కి జరిపితే మహబూబ్‌నగర్ ఒంటరిగా మిగులుతుంది. దత్తాంశం మారకుండానే మూడు వేర్వేరు కథలు పుట్టాయి. వాటిలో ఏ కథ చెప్పాలన్నది పటకర్త చేతిలో ఉంది. ఆ ఎంపికకు కారణం పటం కింద రాసే అలవాటు మాత్రం చాలా తక్కువమందికి ఉంది.

ఇవే ఏడు విలువలను ఒక అడ్డగీత మీద బిందువులుగా పెడితే అనుమానానికి తావులేదు. మహబూబ్‌నగర్ విడిగా ఎడమన ఉంటుంది. విజయనగరం, కర్నూలు కొంచెం ఇవతల. మిగిలిన నాలుగూ ఒకే చోట గుమిగూడి ఉంటాయి. చూసేవారికి దూరం దూరంగానే, దగ్గర దగ్గరగానే కనిపిస్తుంది. గణాంకవేత్తలు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెగిల్ 1984లో ప్రచురించిన ప్రయోగఫలితాలు ఇందుకు శాస్త్రీయమైన ఆధారాన్నిచ్చాయి. ఒకే కొలబద్ద మీద స్థానాన్ని పోల్చడంలో కన్ను అత్యంత కచ్చితంగా ఉంటుంది. పొడవు, కోణం, వైశాల్యం అన్న క్రమంలో ఆ కచ్చితత్వం తగ్గుతూ పోతుంది. రంగు ఛాయలను సంఖ్యలుగా చదవడం జాబితాలో అట్టడుగున ఉంటుంది. కోరోప్లెత్ పటం తన విలువను కన్ను అతి బలహీనంగా చదివే సాధనానికి అప్పగించి, కన్ను అతి బలంగా చదివే స్థానాన్ని భూగోళానికి ఇచ్చేస్తుంది. ప్రశ్న భూగోళానికి సంబంధించినది కానప్పుడు ఈ బేరం నష్టపు బేరమే.

అలాగని వరుస పేర్చిన చిత్రానికి దోషాలు లేవని కాదు. పైనుంచి కిందికి పేర్చగానే ప్రతి జిల్లాకూ ఒక ర్యాంకు వస్తుంది. ఆదిలాబాదు, నిజామాబాదు, మెదక్‌ల మధ్య తేడా అర శాతం కూడా లేకపోయినా ఒకటి మరొకదాన్ని ‘ఓడించినట్టు’ కనిపిస్తుంది. పరీక్షాఫలితాల ర్యాంకుల మోజు ఎక్కువగా ఉన్న సమాజంలో ఈ ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేయరాదు. కమ్మీలను సున్నా నుంచి కాక యాభై నుంచి మొదలుపెడితే చిన్న తేడా కొండంత అవుతుంది. జిల్లాలను అకారాది క్రమంలో పేర్చడం మరో సాధారణ దోషం: అనంతపురం మొదట, హైదరాబాదు చివర ఉండడానికి అక్షరమాల తప్ప వేరే కారణం ఉండదు, అక్షరమాలకు అక్షరాస్యతతో సంబంధం లేదు.

పటమే చెప్పగలిగినవి

పటాన్ని పక్కకు నెట్టడానికి పైన చెప్పినవి చాలునని భావించే విమర్శకులు ఉన్నారు. వారి వాదం మరో అంచుకు పోయింది. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు వైద్యుడు జాన్ స్నో మరణాలను ఇంటింటికీ చిన్న గీతలుగా వీధిపటం మీద పేర్చాడు. గీతల గుంపు బ్రాడ్ స్ట్రీట్ నీటి పంపు చుట్టూ చేరింది. ఆ పక్కనే ఉన్న అనాథశాలలో 535 మంది ఉండగా కలరాతో చనిపోయింది అయిదుగురే. ఆ ప్రాంగణంలో సొంత బావి ఉంది. ఇక్కడ ప్రశ్నే ‘ఎక్కడ’. ఇళ్లను మరణాల సంఖ్యను బట్టి వరుసగా పేర్చిన కమ్మీ చిత్రం ఎంత పొడవుగా గీసినా పంపును చూపలేదు. పంపు మరణాల పట్టికలో లేనే లేదు. అది పటంలోనే ఉంది. స్నో తన అనుమానానికి పటం గీయకముందే ఇతర సాక్ష్యాలనుంచి వచ్చాడన్నది నిజమే. అయినా ఆ సాక్ష్యాన్ని ఇతరులు ఒక్క చూపులో గ్రహించడానికి పటం తప్ప వేరే మార్గం లేకపోయింది.

తెలుగు పరిశోధనలో దీనికి సాటిరాగల ఉదాహరణ మాండలిక పరిశీలన. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించింది. తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూసే పద్ధతి ఆయన పరిశోధనలతోనే స్థిరపడింది. సొరకాయ అనేవారి ప్రాంతం ఎక్కడ ముగిసి ఆనపకాయ అనేవారి ప్రాంతం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఒక గీత. ఆ గీత ఏ నదిని, ఏ కొండవరసను, ఏ పాత రాజ్యపు ఎల్లను అనుసరించిందన్నది తర్వాతి ప్రశ్న. ఇవి రెండూ పటం మీదనే అడగదగిన ప్రశ్నలు. ఎంత శాతం మంది ఏ మాట వాడుతున్నారన్నది వేరే ప్రశ్న. దానికి కమ్మీ చాలు.

అక్షరాస్యత దత్తాంశంలో సైతం పటం మాత్రమే చెప్పగల సంగతి ఒకటుంది. పైన చెప్పిన ఏడు బిందువుల వరుసలో మహబూబ్‌నగర్, కర్నూలు రెండు బిందువులు మాత్రమే. నేలమీద అవి కృష్ణా, తుంగభద్రల అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగు జిల్లాలు. వాటికి పడమట కర్ణాటకలో రాయచూరు ఉంది, 2011 అక్షరాస్యత 59.56 శాతం, దానికి ఉత్తరాన యాదగిరి, 51.83 శాతం. ఈ నాలుగు జిల్లాలూ కలిసి ఒకే ముద్ద. అదేవిధంగా విజయనగరానికి ఒడిశా వైపున్న కోరాపుట్ 49.21, రాయగడ 49.76. అంటే ఉమ్మడి రాష్ట్రంలోని అత్యల్ప అక్షరాస్యత గల మూడు జిల్లాలలో ఏ ఒక్కటీ ఒంటరిది కాదు. ఒక్కొక్కటీ రాష్ట్రపు ఎల్ల దాటి విస్తరించిన ఒక పెద్ద ప్రాంతంలో తెలుగు భాగం. కారణాలను అన్వేషించే పరిశోధకునికి ఇది ర్యాంకు కంటే విలువైన సమాచారం. దురదృష్టవశాత్తు తెలుగులో అచ్చయ్యే జిల్లా పటాలలో చాలా వాటికి ఈ గౌరవమూ దక్కదు. రాష్ట్ర సరిహద్దుతోనే రంగు ఆగిపోతుంది. అవతల తెల్ల కాగితం. పటానికున్న ఏకైక ఆధిక్యం ఇరుగుపొరుగును చూపడమైతే, ఆ ఇరుగుపొరుగునే చెరిపివేసిన పటం కమ్మీ చిత్రం చేయగల పనిని అంతకంటే తక్కువగా చేస్తున్నట్టు.

హద్దులు మారితే

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలుగా విడిపోయింది. కొన్ని మండలాలు పొరుగు జిల్లాలలో చేరాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట ఏర్పడింది. 2011 లెక్కలనే కొత్త హద్దులకు సర్దితే గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతంగా తేలింది. 55.04 అని చదివిన చోటనే, అదే మనుషులకు, అదే సంవత్సరానికి, ఇప్పుడు యాభై లోపు సంఖ్య. ఎవరూ చదువు మరచిపోలేదు. గీత మారింది. ప్రాంతీయ విభాగాలను మార్చినప్పుడు ఫలితం మారడమన్న ఈ సమస్యను భూగోళశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలలో అది 2014 తర్వాత నిత్యానుభవమైంది. పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మారాయి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి.

ఇది సాంకేతిక వివరం మాత్రమే కాదని చెప్పడానికి 2010 డిసెంబరు 30న సమర్పించిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక సాక్ష్యం. తెలంగాణ, కోస్తాంధ్ర, రాయలసీమల అభివృద్ధిని అనేక సూచికలతో పోల్చిన ఆ నివేదికలో హైదరాబాదును కలిపి ఒకసారి, మినహాయించి ఒకసారి తెలంగాణను లెక్కించవలసి వచ్చింది. హైదరాబాదు ఉంటే ప్రాంతపు సగటు ఒకటి, లేకపోతే మరొకటి. ఏది అసలైన తెలంగాణ సగటు అన్న వాదంలో ఇరుపక్షాలకూ తమ తమ సంఖ్య దొరికింది. మూడు ప్రాంతాలకు మూడు రంగులు పూసిన పటం ఈ వివాదాన్ని చూపలేదు. ఒక ప్రాంతానికి ఒకే రంగు పూయగలదు గనుక అది వివాదం తీరిపోయినట్టు నటిస్తుంది. ఒకే చిత్రంలో జిల్లాలన్నింటినీ బిందువులుగా పెట్టి, ప్రాంతాన్ని బట్టి రంగు మార్చి, హైదరాబాదు బిందువును దాని పేరుతోనే గుర్తిస్తే చదువరికి రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి: ఒక ప్రాంతంలోని జిల్లాల మధ్య తేడా ఎంత, ప్రాంతాల మధ్య తేడా ఎంత. మొదటిది రెండవదానికంటే పెద్దదిగా తేలే సందర్భాలు తక్కువేమీ కావు. ప్రాంతీయ వాదానికి ఇది ఇబ్బందికరమైన చిత్రం. పరిశోధకుడు దానినుంచి తప్పించుకోరాదు.

తెలుగు పటం వెలుపలి తెలుగు

పాఠ్యపుస్తకాలలోని భాషాపటం మరో ఉదాహరణ. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో భాష, ఒక్కో భాషకు ఒక్కో రంగు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు తెలుగు రంగు. మిగతా దేశంలో తెలుగు లేదు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లమంది, వారిలో తమిళనాట 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు. ఈ రెండు రాష్ట్రాలలో కలిపి దాదాపు 78 లక్షలు, అంటే అనంతపురం వంటి రెండు జిల్లాల జనాభాకు కొంచెం తక్కువ. రాష్ట్రాలవారీగా శాతాలను ఛాయలతో నింపినా వీరికి మేలు జరగదు: రెండు రాష్ట్రాలలోనూ తెలుగువారు ఆరు శాతంలోపే, కనుక అతి లేత రంగే వస్తుంది. సంఖ్యకు తగిన వృత్తాలు గీస్తే వారు కనిపిస్తారు. కమ్మీ చిత్రంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తారు. కాని హోసూరు, బళ్లారి, కోలారు వంటి ఎల్లప్రాంతాలలోని తెలుగుకూ, మద్రాసు నగరంలోని తెలుగుకూ గల భేదం కమ్మీలో మాసిపోతుంది. ఎల్లలో ఉన్నది పక్కనున్న భాషాప్రాంతపు కొనసాగింపు. లోపలి జిల్లాలలో ఉన్నది శతాబ్దాల వలస. ఈ రెండింటినీ వేరుచేయగలది జిల్లా స్థాయి పటం ఒక్కటే. ప్రశ్నను ‘ఎందరు’ నుంచి ‘ఎలా వచ్చారు’కు మార్చగానే కమ్మీ నుంచి పటానికి మారవలసి వస్తున్నదన్నమాట.

అచ్చులో, తెరమీద

ఆచరణకు సంబంధించిన ఒక సంగతి పాశ్చాత్య గ్రంథాలలో కనిపించదు, ఎందుకంటే అది లిపికి, పేర్లకు సంబంధించినది. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, జయశంకర్ భూపాలపల్లి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, మేడ్చల్ మల్కాజిగిరి – ఇటువంటి పేర్లను తెలుగు లిపిలో, వత్తులు చెదరకుండా, జిల్లా ఆకారం లోపల ఇరికించడం పత్రిక పరిమాణంలో అసాధ్యం. అందుచేత పటకర్తలు అంకెలు వేసి పక్కన జాబితా ఇస్తారు. పాఠకుడు అంకె నుంచి జాబితాకు, రంగు నుంచి సూచికకు, మళ్లీ పటానికి మూడు ప్రయాణాలు చేయాలి. అడ్డంగా గీసిన కమ్మీ చిత్రంలో పేరు ఎడమన పూర్తిగా ఉంటుంది, విలువ కుడిన ఉంటుంది. ఫోను తెరమీద వేలితో కిందికి జరుపుకుంటూ 33 వరుసలూ చదువుకోవచ్చు.

అయితే తన జిల్లాను పటంలో వెతుక్కునే పాఠకుని కుతూహలాన్ని పరిశోధకుడు తేలికగా తీసుకోరాదు. రంగుల పటం ఎక్కువమందిని ఆపి చూసేలా చేస్తుందన్నది వాస్తవం. దీనికి పరిష్కారం పటాన్ని నిషేధించడం కాదు. పటాన్ని చిన్నదిగా, విలువలు లేకుండా, ఏ జిల్లా ఎక్కడుందో గుర్తుచేసే సూచికగా మూలన ఉంచి, అసలు విలువలను బిందు చిత్రానికి అప్పగించడం. మినార్డ్ 1869లో నెపోలియన్ రష్యా దండయాత్రకు గీసిన ప్రఖ్యాత చిత్రం ఇటువంటి సర్దుబాటే. సైన్యం తరిగిపోయిన తీరును దారి పటం మీద పట్టీ మందంతో చూపి, తిరుగు ప్రయాణంలోని చలిని కింద వేరే రేఖాచిత్రంలో పెట్టాడు. 4,22,000 మందితో బయలుదేరిన పట్టీ 10,000 దగ్గర దారంలా సన్నబడుతుంది. ఆ పట్టీకి చోటు చాలించడానికి భూగోళాన్ని అతడు కొంత అటూ ఇటూ జరిపాడు కూడా. పటానికి ప్రాణం పోసినది భూగోళం కాదు, ప్రశ్న.

తర్వాతి జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీగా ప్రకటితమైంది. ఆ లెక్కలు 2016 తర్వాత ఏర్పడిన జిల్లాల పేరుతో వెలువడతాయి. వాటిని 2011తో పోల్చేందుకు పాత 23 జిల్లాల సంఖ్యలు పనికిరావు. 2011 గ్రామస్థాయి లెక్కలను కొత్త హద్దులకు సర్ది, ప్రతి జిల్లాకూ రెండు బిందువులు, వాటి మధ్య ఒక గీత గీయడం సాధ్యమే. రెండు రంగుల పటాలను పక్కపక్కన పెట్టి, పదహారేళ్ల మార్పును రెండు ముదురుల మధ్య పోల్చుకొమ్మని పాఠకునికి వదిలివేయడం అంతకంటే సులువు. కొత్త జిల్లాలను పాత జిల్లాలకు సరిచూసే గ్రామాల జాబితా ఒకటి బహిరంగంగా, తెలుగు పేర్లతో అందుబాటులో ఉంటే మొదటి పని ఎవరైనా చేయగలుగుతారు.